వదిన నోరు మెదపని నెల

మా వదిన నోరు మూసుకుని ఉండగలదంటే మా వీధిలో ఎవరూ నమ్మరు. కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెబుతుంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అక్కడ గొంతు చించుకున్నా, ఇంటికొచ్చేసరికి మాటలు ఇంకా మిగిలే ఉంటాయి. గేటు తీస్తూ మొదలుపెట్టిన వాక్యం బ్యాగు తగిలించి, మొహం కడుక్కుని, మంచినీళ్ళు తాగేదాకా పూర్తవదు. ఆ వాక్యంలోకి ప్రిన్సిపాలు, బస్సు డ్రైవరు, పక్కింటి కుక్క అందరూ వచ్చి పోతుంటారు. అలాంటి మనిషి ఒక నెలపాటు ఒకే ఒక్క విషయం మీద నా దగ్గర నోరు మెదపలేదు. ఆ నెల గురించి రాయాలని నాకు ఎప్పటినుంచో ఉంది. ఆవిడకి నేను పడ్డ రుణం నోటితో చెబితే "చాల్లెండి మరిదిగారూ, సంబడం" అని కొట్టిపారేస్తుంది. అందుకని రాస్తున్నాను.

మా అన్నయ్య దర్జీ. ముందుగదే ఆయన కొట్టు. ఒక కట్టింగు బల్ల, రెండు కుట్టుమిషన్లు, ఇస్త్రీపెట్టె, గోడకి వేలాడే సగం కుట్టిన చొక్కాలు. గుండుసూదులు పెదాల మధ్య పెట్టుకుని కొలతలు తీసే అలవాటు కాబట్టి, గొంతు ఉన్న రోజుల్లో కూడా మాటల్లో మహా పొదుపరి. ఆ ఇంట్లో మాట్లాడే పని వదినది, ఊఁ కొట్టే పని ఆయనది. ఇద్దరికీ చక్కగా కుదిరింది. ఉన్న ఆ కాస్త ఊఁ కూడా గొంతులో లేచిన గడ్డ పట్టుకుపోయింది. డాక్టర్లు స్వరపేటిక తీసేశారు. ప్రాణం దక్కింది, అదే పదివేలు అనుకున్నాం.

ఇంటికొచ్చాక చేతికి పలక ఇచ్చాం. వదిన వంటింట్లోంచి ఏదో అడిగేది. ఆయన జవాబు రాసుకుని, వంటింటి గుమ్మంలో పలక పట్టుకుని నిలబడేవాడు. ఆవిడ పొయ్యి వైపు తిరిగి తన ధోరణిలో తను చెప్పుకుపోతూ ఉండేది. ఒకరోజు ఎందుకో వెనక్కి తిరిగింది. పలక మీది జవాబు అప్పటికి పాతబడిపోయింది, మాట ఎక్కడికో వెళ్ళిపోయింది, ఆయన మాత్రం అలాగే పట్టుకుని నిలబడి ఉన్నాడు. వదిన స్టవ్ కట్టేసి అక్కడే నేలమీద కూర్చుని ఏడ్చింది. మర్నాటినుంచి పనిలో పడింది.

ఇంటర్నెట్‌లో ఊరికే దొరికే ప్రోగ్రాములు రెండు పట్టుకుంది. మొదటిది మనం రెండు మూడు అక్షరాలు కొట్టగానే మొత్తం మాట ఏమై ఉంటుందో ఊహించి చూపిస్తుంది. రెండోది రాసిన మాటని పైకి పలుకుతుంది. రెండూ ఎవరెవరో ఎక్కడెక్కడో కూర్చుని, తీరిక దొరికినప్పుడల్లా రాసి, లోపలి కోడ్‌తో సహా లోకం ముందు పెట్టినవి. వదిన వీటిని జతచేసింది. మధ్యలో అతుకు మాత్రం తనే రాసింది. అంతా ఒక టాబ్లెట్‌లో ఎక్కించి అన్నయ్య చేతిలో పెట్టింది. కొట్టుకి మళ్ళీ కళ వచ్చింది. "భుజం దగ్గర కాస్త వదులు చెయ్యమంటారా?" అని టాబ్లెట్ అడుగుతుంటే వచ్చినవాళ్ళు మొదట ఉలిక్కిపడేవారు, తర్వాత అలవాటైపోయింది. కొందరు బొత్తాం ఊడిందనే వంక పెట్టుకుని మరీ వచ్చి మాట్లాడి వెళ్ళేవారు.

ఆస్పత్రిలో గొంతు పోయినవాళ్ళకి మాట నేర్పే గది ఒకటుంది. అన్నయ్య వారం వారం అక్కడికి వెళ్ళేవాడు, తోడుగా వదినా నేనూ. నేర్పే మేడం ఈ టాబ్లెట్ చూసి వదినని పట్టుకుంది.

"ఇది మా పేషెంట్లందరికీ ఇవ్వగలరా అమ్మా? ముఖ్యంగా ఆయనకి," అంటూ మూల కుర్చీలో కూర్చున్న పెద్దాయన్ని చూపించింది.

ఆయన బస్సు కండక్టరు. ఏళ్ళ తరబడి స్టాపుల పేర్లు కేకవేసిన గొంతు ఇప్పుడు లేదు. పక్కన కూర్చున్న ఆయన భార్యకి చూపు లేదు, చాలాకాలం క్రితమే పోయిందట. ఆవిడ మేము అడగకుండానే చెప్పుకుపోయింది.

"గొంతున్నప్పుడు అన్నీ ఈయనే చెప్పేవారమ్మా. మెట్టుంది చూసుకో, గ్లాసు ఎడమపక్కనుంది, ఎదురింట్లో దీపాలు పెట్టారు. ఇప్పుడు పలకమీద రాస్తే నేను చదవలేను. బల్లమీద ఒకసారి కొడితే అవును, రెండుసార్లు కొడితే కాదు. నేను అడిగినదానికే ఆ చప్పుడు. నాకు అడగాలని తోచకపోతే ఇంక అంతే. ఒక్కోసారి ఇంట్లో ఉన్నారో లేదో కూడా తెలీదు. మా చెల్లెలు వచ్చే నెలాఖరుకి వచ్చి నన్ను తీసుకెళ్ళిపోతానంటోంది. ఎన్నాళ్ళిలా అవస్థపడతావు అంటోంది."

కండక్టరుగారు బల్లమీద రెండుసార్లు కొట్టారు. వదిన ఆ క్షణమే మాట ఇచ్చేసింది, మీ చెల్లెలు రాకముందే మీ ఇంట్లో ఈయన గొంతు ఉంటుంది అని. అలాంటి విషయాల్లో ఆవిడ వెనకా ముందూ చూడదు.

ఆ ఊపులో చేసిన పొరపాటు కూడా ఆవిడ మాత్రమే చేయగలిగినది. ప్రోగ్రామంతా ఇంటర్నెట్‌లో పెట్టేటప్పుడు దాన్ని ఎవరు ఎలా వాడుకోవచ్చో చెప్పే లైసెన్స్ రాయాలి కదా. మరీ ఉదారంగా ఉండాలని, ఎంఐటీ లైసెన్స్ అని చిన్నది ఒకటుంటే అది పెట్టింది. మా పేరూ ఈ లైసెన్సూ ఉంచితే చాలు, తీసుకోండి, మార్చుకోండి, అమ్ముకోండి, మీ తరఫున ఇంకొకరికి హక్కులు కూడా ఇచ్చుకోండి అని దాని సారాంశం. తను రాసిన అతుకుకి అది పెట్టడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఈవిడ మొత్తం మూడింటికీ కలిపి పెట్టేసింది. పక్కవాళ్ళ సొమ్ము కూడా తన చేత్తో దానం చేసేసింది పాపం, ఎంతో సంతోషంగా.

తొందర్లోనే ఒక మెయిల్ వచ్చింది. మాటలు ఊహించే ప్రోగ్రాము మంచిచెడ్డలు చూసుకునే పెద్దమనిషి రాశాడు. చాలా మర్యాదగా, తేనెలో ముంచినట్టు. మీ పని అద్భుతం, కానీ మా ప్రోగ్రాము మీద మీ లైసెన్స్ చెల్లదు, పైగా ఈ రెండు ప్రోగ్రాములనీ కలిపి పంచడానికి వీల్లేదు అని. అది చదివి నాకు ఒళ్ళు మండిపోయింది. ఆయనకి షరతుల మాష్టారు అని పేరు కూడా పెట్టేశాను.

"ఊరికే ఇచ్చినదానికి ఇన్ని షరతులేంటి వదినా? ఇస్తే ఇచ్చినట్టుండాలి!"

"అద్దె ఇంట్లో మనం హాయిగా ఉండొచ్చు. ఆ ఇల్లు మనమే ఇంకొకరికి అద్దెకిచ్చేస్తామంటే ఓనరు ఊరుకుంటాడా?" అంది వదిన. నిజానికి ఆవిడ మొహం కూడా పాలిపోయి ఉంది. అయినా చెప్పే విషయం దొరికితే ఆవిడ ఆగదు, కాబట్టి ఆ సాయంత్రమంతా కట్టింగు బల్ల దగ్గర నాకు పాఠం జరిగింది.

మాటలు ఊహించేది జీపీఎల్ అనే లైసెన్స్ రెండో వెర్షన్ కింద ఉంది. తీసుకో, మార్చుకో, నలుగురికీ పంచు, కానీ నేను చెప్పిన షరతులతోనే పంచు, కొత్త షరతు ఒక్కటి కూడా తగిలించకు అంటుంది అది. అందులో మధ్యవాళ్ళు హక్కులు ఇచ్చేది లేదు. ఎవరి చేతుల మీదుగా వచ్చినా, తీసుకున్న ప్రతివాళ్ళకీ అసలు రాసినవాళ్ళ దగ్గర్నుంచే నేరుగా హక్కు వస్తుంది. పలికేదేమో అపాచీ లైసెన్స్ కింద ఉంది. అదీ ధారాళమైనదే, కాకపోతే ఈ ప్రోగ్రాము నా పేటెంటుని కాజేసిందని ఎవరైనా దావా వేస్తే, పేటెంటు విషయంలో వాళ్ళకిచ్చిన హక్కులు పోతాయి అని ఒక షరతుంది. ఆ షరతు మొదటిదానికి కొత్తది. అక్కడే పేచీ. విడివిడిగా ఇద్దరూ బంగారంలాంటివాళ్ళే, ఒక ఇంట్లో పెడితే పొసగదు.

"మరి అన్నయ్య ఇన్నాళ్ళుగా వాడుతున్నాడుగా?"

"మన ఇంట్లో మనం కలుపుకుంటే ఎవరూ వద్దనరు. గడప దాటించి ఇంకొకరి చేతిలో పెట్టినప్పుడే ఇవన్నీ లేచి కూర్చుంటాయి."

"అయితే విడివిడిగా ఇద్దాం. ఇంటికెళ్ళి వాళ్ళే కలుపుకుంటారు."

"ఎవరు కలుపుతారయ్యా? ఆవిడకి చూపు లేదు, ఆయనకి కంప్యూటర్ రాదు. నేను వెళ్ళి కలిపానంటే మళ్ళీ నేను ఇచ్చినట్టే."

"పోనీ ఆ ఒక్కాయనకీ గుట్టుచప్పుడు కాకుండా ఇచ్చెయ్. ఎవరికి తెలుస్తుంది?"

అప్పటిదాకా నవ్వుతూ చెబుతున్న మనిషి గంభీరంగా మారిపోయింది. "మీ అన్నయ్య నన్ను మళ్ళీ 'ఏమేవ్' అని పిలుస్తున్నారంటే వాళ్ళ చలవ. ముక్కూ మొహం తెలీనివాళ్ళు. మన దగ్గర ఏమీ పుచ్చుకోలేదు. వాళ్ళు అడిగిందల్లా మా షరతు దాటొద్దు అని. ఆ ఒక్కటీ కూడా చేయలేకపోతే నేనేం మనిషిని?" అంది. ఆ రోజే ప్రోగ్రాముని ఇంటర్నెట్ నుంచి తీసేసింది. మాష్టారికి క్షమాపణ రాసింది. ఆస్పత్రి మేడంకి ఫోన్ చేసి కొంచెం ఆగమని చెప్పింది. కండక్టరుగారి భార్యకి చెప్పడానికి మాత్రం ధైర్యం చాల్లేదు. చెల్లెలు చెప్పిన గడువు దగ్గరపడుతోంది.

ఇక్కడ నేను షరతుల మాష్టారికి చేసిన అన్యాయం దిద్దుకోవాలి. ఆయన తప్పు చూపించి చేతులు దులుపుకునే రకం కాదు. దారి కూడా ఆయనే చెప్పాడు. జీపీఎల్ మూడో వెర్షన్‌లో ఆ పేటెంటు షరతుకి చోటిచ్చారట. చాలామంది "రెండో వెర్షన్ లేదా ఆ తర్వాతిది" అని రాసి తలుపు తెరిచి ఉంచుతారు. వీళ్ళు "రెండోది మాత్రమే" అని గడియ పెట్టుకున్నారు. ఆ గడియ తీయాలంటే ప్రోగ్రాములో చెయ్యి పెట్టిన ప్రతి ఒక్కరూ ఒప్పుకోవాలి. ఎవరి ముక్క మీద వాళ్ళదే హక్కు. వదిన చెప్పిన కండక్టరుగారి సంగతి మాష్టారు అందరికీ రాశాడు. ఒక్కొక్కరే జవాబిచ్చారు. నర్సు ఒకావిడ, ఓడమీద పనిచేసే ఇంజనీరు ఒకాయన, రిటైరైన లెక్కల టీచరు. అందరూ సరే అన్నారు, పైగా ఆయనకి మా నమస్కారాలు చెప్పండి అన్నారు. ప్రతి జవాబునీ వదిన బిగ్గరగా చదివి వినిపించేది. కత్తెర పక్కన పెట్టి అన్నయ్య వినేవాడు. మా ఇంటికి ఏనాడూ రానివాళ్ళు, మా అన్నయ్య మొహం చూడనివాళ్ళు.

ఒక్కరు మాత్రం దొరకలేదు. గుడ్లగూబ అనే మారుపేరుతో రాసిన మనిషి. ఆడో మగో కూడా ఎవరికీ తెలియదు, ఉన్న మెయిలు ఎప్పుడో మూతపడింది. రాసింది చిన్న ముక్కే కానీ ఆయువుపట్టు అది. వేళ్ళు వణికి పక్క అక్షరం మీద పడినా, ఒక అక్షరం ఎగిరిపోయినా, సరిదిద్దే భాగం. కండక్టరుగారికి చికిత్స తర్వాత వేళ్ళు వణికేవి. అది లేకపోతే ఆయన చేతిలో టాబ్లెట్ ఉన్నా లేనట్టే.

"ఆ ముక్క తీసేసి కొత్తగా రాయండి," అన్నాడు మాష్టారు. "కానీ పాతది చదివినవాళ్ళు రాయకూడదు. తెలియకుండానే అదే మళ్ళీ వచ్చేస్తుంది. అది ఏం చేస్తుందో మాత్రమే తెలుసుకుని, ఎలా చేస్తుందో ఎప్పుడూ చూడని వాళ్ళు రాయాలి."

వదిన ఆ కోడ్‌ని లైను లైనూ జీర్ణించుకుంది. కాబట్టి ఆవిడ పనికిరాదు. నేను కిరాణా కొట్ల బిల్లింగ్ మిషన్లకి ప్రోగ్రాములు రాస్తాను, వదిన ఎన్నిసార్లు చూడమన్నా ఆ కోడ్ వైపు తొంగి చూడలేదు. బద్ధకం కూడా ఒక్కోసారి యోగ్యత అవుతుందని అప్పుడే తెలిసింది. ఇక అది ఏం చేస్తుందో రోజూ వాడే అన్నయ్యకంటే తెలిసినవాళ్ళెవరు? ఆయన కూడా లోపల చూడలేదు. వదిన మా ఇద్దరినీ కట్టింగు బల్ల దగ్గర ఎదురెదురుగా కూర్చోబెట్టి ప్రకటించేసింది.

"ఈ పని అయ్యేదాకా దీని గురించి నన్ను ఏమీ అడక్కండి. నేను ఏమీ చెప్పను. అవును కాదు అని కూడా చెప్పను."

అలా మొదలైంది ఆ నెల. గొంతు లేని ఆయన విడమరిచి చెప్పడం, నోరున్న ఆవిడ నోరు కట్టుకుని కూర్చోవడం. ఆఫీసు నుంచి నేను రాగానే అన్నయ్య ఇస్త్రీపెట్టె ఆపి, బట్టలు పక్కకి జరిపి, బల్లమీద నాకు చోటు చేసేవాడు. టాబ్లెట్‌లో కొట్టి వినిపించేవాడు. "వేలు పక్కకి జారితే ఇలా అవుతుంది, చూడు." "ఒక అక్షరం పోయినా పట్టుకుంటుంది. రెండు పోతే అడుగుతుంది, తనంతట తను నిర్ణయించదు." "కోపంగా కొడితే ఒకే అక్షరం మూడుసార్లు పడుతుంది. అదీ ఒకటిగానే తీసుకుంటుంది." పుట్టి బుద్ధెరిగాక మా అన్నయ్య నాతో అన్ని మాటలు మాట్లాడలేదు. చొక్కా కుదిరిందో లేదో చూసినట్టు నేను రాసింది అటు తిప్పి ఇటు తిప్పి చూసేవాడు. నచ్చకపోతే విప్పి మళ్ళీ కుట్టమనేవాడు.

నేను ఒకచోట ఇరుక్కుపోయాను. సరిదిద్దడం వస్తోంది, కానీ నత్తనడక. అక్షరం అక్షరానికీ టాబ్లెట్ ఆలోచనలో పడిపోతోంది. ఏం చేసినా దారికి రావడం లేదు. వదిన పక్కనుంచి బట్టల బుట్టతో వెళుతూ తెర వైపు ఒక్క చూపు చూసింది. ఆవిడకి జవాబు తెలుసు. తెలుసని నాకు తెలిసిపోయింది.

"వదినా, ఒక్కమాట..."

పెదాలు బిగపట్టి, బుట్ట అక్కడే పడేసి, గబగబా గేటు దాకా వెళ్ళిపోయింది. అక్కడ పక్కింటావిడని ఆపి వాళ్ళ కుక్క ఆరోగ్యం గురించి అడగడం మొదలుపెట్టింది. ఎంతసేపు అడిగిందంటే చివరికి కుక్కే లోపలికి వెళ్ళిపోయింది. నేను కిటికీలోంచి ఆవిడ మొహంలో జవాబు దొరుకుతుందేమోనని చూస్తుంటే వెనక నుంచి టాబ్లెట్ పలికింది.

"అటు కాదు. ఇటు చూడు."

ఆ తర్వాత వదిన ఇంకా జాగ్రత్తపడింది. తన మొహమే తనకి శత్రువని గ్రహించింది. మేము పనిలో ఉంటే గోడ వైపు తిరిగి కూరగాయలు తరిగేది. నేను తప్పుదోవ పట్టినప్పుడల్లా కత్తిపీట చప్పుడు పెరిగేది. అది కూడా సూచనే అవుతుందని తోచి, కూరగాయలు పట్టుకుని పెరట్లోకి మకాం మార్చింది. ఆవిడకి ఒక్క వాక్యం చాలు, నా పని చిటికెలో అయిపోతుంది. అవతల కండక్టరుగారి ఇంట్లో రోజులు తరుగుతున్నాయి. ఆ వాక్యాన్ని ఆవిడ నాలుక చివర పెట్టుకుని తిరిగింది, రాలనివ్వలేదు. వింటే చిన్న విషయంలా ఉంటుంది. మా వదిన ఎవరో తెలిసినవాళ్ళకి అది ఎంత తపస్సో అర్థమవుతుంది.

నేను చిక్కు విప్పింది అన్నయ్య వల్లే. "అన్ని మాటలూ ఎందుకు వెతుకుతావు? నేను రోజూ వాడేవి గుప్పెడే. ముందు వాటిలో చూడు," అన్నాడు. అంతే, టాబ్లెట్ పరుగందుకుంది. పాతది అలా చేసేది కాదట, ఆ సంగతి మాష్టారు రెండూ పక్కపక్కన పెట్టి చూసి చెప్పాడు. దానికీ దీనికీ పోలికే లేదు, నిశ్చింతగా పంచుకోండి అని రాశాడు. గడియ తీశారు. వదిన మొత్తం కలిపి జీపీఎల్ మూడో వెర్షన్ కింద పెట్టింది. తన అతుకు మీద తన చిన్న లైసెన్స్, పలికేదానిమీద దాని లైసెన్స్, రాసిన ప్రతి ఒక్కరి పేరూ ఉండాల్సిన చోట అలాగే ఉంచింది. గుడ్లగూబ ముక్క ఇప్పుడు ఇందులో లేదు. అయినా మా అన్నయ్యని ఇన్నాళ్ళు మాట్లాడించింది కాబట్టి ఆ పేరు కూడా కృతజ్ఞతల్లో రాసింది. ఎక్కడున్నా చల్లగా ఉండాలి అంది.

ఆస్పత్రికి అందరం కలిసే వెళ్ళాం. చెల్లెలు రావడానికి ఇంకా నాలుగైదు రోజులుంది. కండక్టరుగారు, ఆయన భార్య అదే మూల కుర్చీల్లో కూర్చున్నారు. అన్నయ్య ఆయన పక్కన కూర్చుని, టాబ్లెట్ ఒళ్ళో పెట్టి, ఎక్కడ నొక్కాలో చూపించాడు. ఆయన చూపుడువేలు గాల్లో వణికింది. ఒక అక్షరం తప్పు పడింది, ఇంకొకటి అసలు పడలేదు. తెరమీద మాటలు ఒక్కొక్కటే చక్కబడుతూ వచ్చాయి. ఆయన చాలాసేపు కొట్టారు. భార్య తల కొంచెం పక్కకి వంచి చెవి ఒగ్గి కూర్చుంది. ఇంతకాలానికి మొగుడు మొదటి మాట ఏం చెబుతాడో అని మేమందరం కూడా అలాగే నిలబడ్డాం.

"నీ చెప్పులు రెండూ ఒక జత కాదు," అంది టాబ్లెట్. "కుడికాలిది పక్కింటావిడది."

ఆవిడ చటుక్కున కాళ్ళు కుర్చీ కిందికి లాక్కుంది. "మరి ఇంటి దగ్గరే చెప్పొచ్చుగా! బజారంతా ఇలాగే నడిపించుకొచ్చారా?" అని గయ్యిమంది.

అనేశాక తను ఏమందో తనకే అర్థమైంది. నోటిమీద చెయ్యి పెట్టుకుంది. ఆయన మళ్ళీ వంగి ఒక్కో అక్షరమే వెతుక్కుంటూ కొట్టారు.

"గుమ్మం దగ్గర బల్ల బాదాను. టీ కావాలా అని అడిగావు."

ఆవిడ పకపకా నవ్వింది. ఆ నవ్వులోనే ఏడుపు కూడా వచ్చేసింది. చేత్తో తడుముకుంటూ ఆయన మోకాలు పట్టుకుంది, కుర్చీ బరబరా దగ్గరికి లాక్కుంది. మా చెల్లెలికి రావద్దని ఫోన్ చెయ్యాలమ్మా అంది వదినతో. తర్వాత మొహం ఆయన వైపు తిప్పింది.

"ఇంకా ఏమేం చెప్పకుండా ఉండిపోయారో అన్నీ చెప్పండి. మెల్లిగానే చెప్పండి. నేను ఇక్కడే ఉంటాను," అంది.